గుంట పూడ్చిన పుణ్యం

మార్చి పన్నెండో తేదీ మాస్టారికి బాగా గుర్తు. ఆ సాయంత్రం భోజనం క్యారెట్ సూపూ, కాల్చిన రొట్టే. సూపులో మిరియాలు ఎక్కువయ్యాయని ఆయన అన్నారు. నాలుక ఇంకా పనిచేస్తున్నందుకు సంతోషించండి అని మరదలు అంది. ఎదురింటి నుంచి గిన్నె పట్టుకుని రోడ్డు దాటి ఆవిడ రావడం ఇక కుదరదని ఇద్దరికీ తెలీదు. మర్నాడు పొద్దున, అధికారుల దయ వల్ల, వీధిలో గుంట పూడిపోయింది.

అది సామాన్యమైన గుంట కాదు. మాస్టారి గేటుకీ మరదలి గేటుకీ నట్టనడుమ, కూర్చున్న గేదెంత వెడల్పున ఉండేది. లారీ అయినా బైకైనా దాని ముందు తలవంచుకుని, పక్కనుంచి నత్తలా పోవలసిందే. ఆ గుంట మీద కోపంతో మాస్టారే ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేశారు. కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పిన మనిషి కాబట్టి, బండ్ల ఇరుసులు ఎలా విరుగుతాయో, మనుషుల నడుములు ఎలా విరుగుతాయో అర్జీలో వివరంగా రాశారు. వేగం గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. రోడ్డు అద్దంలా తయారైంది. ఊళ్లో కుర్రాళ్లందరికీ ఆ అద్దంలో మొహం చూసుకోవాలన్న తొందర పుట్టింది.

మాస్టారి భార్య బతికుండగా అక్కచెల్లెళ్లిద్దరూ కావాలనే ఎదురెదురు ఇళ్లు కొనిపించారు, గేటు దగ్గర నిలబడి పోట్లాడుకోవడానికి వీలుగా. భార్య పోయాక పోట్లాడే పని బావగారికి సంక్రమించింది. నర్సుగా రిటైరైన మరదలు రోజూ సాయంత్రం గిన్నెతో వచ్చి, ఆయన ఎదుట కూర్చుని తిని, ఆయన చేత తినిపించి, నాలుగు తిట్లు తిట్టి వెళ్లేది. ఆయన రోజు మొత్తంలో మాటలాడేది ఆ గంటసేపే.

ఇప్పుడు ఆవిడకి మోకాళ్లు సరిగా లేవు, ఈయనకి శుక్లాలు. వచ్చే బండి ఎంత దూరంలో ఉందో ఆయనకి కనబడదు, ఆవిడకి కనబడినా పరిగెత్తలేదు. ఒకసారి అడుగు ముందుకేసింది. బైకు ఒకటి కొంగు రాసుకుంటూ పోయింది. గిన్నె ఎగిరి రోడ్డున పడింది.

"ఈ పూట సూపు రోడ్డే తాగింది బావగారూ!" అని అటునుంచి నవ్వింది. ఆ నవ్వులో వణుకు ఈయనకి వినిపించింది. చూపు మందగించిన వాళ్లకి దేవుడు చెవులు మాత్రం ఉంచుతాడు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి ఫోన్లో మాట్లాడుకునేవారు. మాస్టారు నిన్నటి రొట్టె నమిలేవారు.

"అంతా మీ సంతకాల చలవే."

"నువ్వూ పెట్టావుగా!"

"మీరు రాసింది ఎవరు చదువుతారండీ? పోరు పడలేక పెట్టాను."

స్పీడ్ బ్రేకర్ కావాలని మాస్టారు మళ్లీ అర్జీ పెట్టారు. రోడ్ల ఇంజనీరు స్వయంగా వచ్చాడు. మంచివాడే, చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చాడు.

"ఇక్కడ ప్రమాదం ఏదైనా జరిగిందాండీ?"

"ఇంకా లేదు బాబూ."

"మరి! జరగందే రూలు ఒప్పుకోదండీ. ఒక్కటి జరగనివ్వండి, వారం తిరక్కుండా నేనే దగ్గరుండి వేయిస్తాను."

మాస్టారి చేతిలో ఫోను ఇంకా స్పీకరులోనే ఉంది. అందులోంచి మరదలి గొంతు వచ్చింది: "ఆ ఒక్కటీ నేనే అయితే, దాని మీద నా పేరు వేయిస్తారా నాయనా?"

"పేర్లు మా విభాగం కాదండీ," అన్నాడు ఇంజనీరు, నొచ్చుకుంటూ.

అయినా మాస్టారిని ఉత్తచేతులతో వదల్లేదు. వీధిని ఆహ్లాదకరం చేసే పథకమేదో ఉందట. ఫుట్‌పాత్ పొడుగునా పూలకుండీలు పెట్టించాడు. దాంతో అంతవరకూ ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లు కూడా రోడ్డు మీదికి దిగారు. గోడ మీద రంగుల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో ఒక ముసలామె నవ్వుతూ రోడ్డు దాటుతోంది. బండ్లన్నీ చేతులు కట్టుకున్నట్టు ఆగి ఉన్నాయి.

"ఆవిడకి గోడ దొరికింది. నాకు దొరకలేదు," అంది మరదలు. "అయినా బావగారూ, కొత్త రోడ్డు వేస్తే నీళ్ల శాఖవాళ్లు తవ్వకుండా ఉండలేరుగా. ఇంకా రాలేదేం?"

"అదే నేనూ చూస్తున్నాను. ఎన్నడూ ఇలా మోసం చేయలేదు."

"మీరే ఓ మాట చెప్పరాదూ, పైపు కారుతోందని?"

"అబద్ధం ఎలా చెబుతాను?"

"అయితే రొట్టె నమలండి."

మాస్టారు రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు తెల్లవారుతూనే బకెట్టెడు నీళ్లు తెచ్చి, ఒకప్పుడు గుంట ఉన్న చోట పోశారు. లోపలికి వెళ్లి, చెయ్యి తుడుచుకుని, నీళ్ల శాఖకి ఫోన్ చేశారు.

"మా వీధిలో రోడ్డు మీద నీళ్లున్నాయండీ." ఇందులో అబద్ధం లేదు.

"పైపు కారుతోందా?"

"అది మీరే తేల్చాలి." ఇందులోనూ లేదు.

కొత్త రోడ్డని విన్నారో ఏమో, మధ్యాహ్నానికల్లా పలుగూ పారలతో దిగారు. పాత కొలతలు ఇంకా మర్చిపోయినట్టు లేదు, సరిగ్గా అక్కడే, కూర్చున్న గేదెంత తవ్వారు. పైపు చెక్కుచెదరకుండా కనిపించింది. కారే చోటు దొరికేదాకా పూడ్చేది లేదని చుట్టూ కర్రలు పాతి, ఎర్రగుడ్డ కట్టి, టీ తాగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రానికే బండ్లకి బుద్ధొచ్చింది, మరదలికి దారొచ్చింది.

పది రోజులకి ఇంజనీరు ఫొటోగ్రాఫరుతో వచ్చాడు. నత్తల్లా పాకుతున్న కార్లని చూసి అతని మొహం వెలిగిపోయింది. "చూశారా మాస్టారూ? అంతా పూలకుండీల మహిమ! ఈ వీధిని అందరికీ ఆదర్శంగా చూపిస్తున్నాం. బహుమతిగా ఆ గుంట రేపే పూడ్పించేస్తాను."

మాస్టారు గబగబా అడ్డం వచ్చారు. గుంట పూడ్చమని అర్జీ రాసిన చెయ్యి ఆయనదే మరి. "బాబూ, అది నీళ్ల శాఖవారి గుంట."

ఇంజనీరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "వాళ్లదా? అయ్యో, ముందే చెప్పొద్దూ! వాళ్ల గుంట మేం ముట్టుకోకూడదండీ."

ఇన్నేళ్లకి శాఖల మధ్య సమన్వయం లేకపోవడాన్ని మాస్టారు మనసారా దీవించారు.

ఆ సాయంత్రం కూడా మరదలు గిన్నెతో వచ్చింది. గుంట పక్కన ఒక కారువాడు ఆగి, రోడ్డునీ అధికారులనీ కలిపి తిడుతూ ఆవిడకి దారిచ్చాడు. సూపులో మళ్లీ మిరియాలు ఎక్కువయ్యాయి. మాస్టారు ఒక్క మాటైనా అనకుండా రెండోసారి వడ్డించుకున్నారు.

"ఏం, నాలుక పడిపోయిందా?" అంది ఆవిడ.

"రేపు కూడా రావాలి కదా, జాగ్రత్తగా ఉన్నాను."

వెళ్లేటప్పుడు గేటు దగ్గర నిలబడి చూశారు. ఆవిడ కర్రల పక్కనుంచి, ఎర్రగుడ్డ పక్కనుంచి, తొందరేమీ లేకుండా నడిచింది. ఆయన కళ్లకి తెల్లటి చీర ఒకటే మసగ్గా ఆనింది. అది అవతలి గుమ్మం ఎక్కింది, ఒకసారి చెయ్యి ఊపింది. తర్వాత మరదలు నెమ్మదిగా, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.