పెద్దులు కొత్తగా నేర్చిన అతుకు

అచ్చంపేట బస్టాండు వెనక సందులో పెద్దులుకు ముప్పై రెండేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఆఖరి మూడు నెలల్లో ఒక్క మనిషీ మెట్టెక్కలేదు. ఒక పొద్దున షట్టరు దించి, పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి ఇంటి అటక మీద పడేశాడు. ఆ తర్వాత దుకాణం మాట ఎవరెత్తినా లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఆయన కూతురు మల్లిక ఆ ఊళ్లోనే ఆడపిల్లల గురుకులంలో డ్రాయింగు టీచరు. తల్లి పోయినప్పటి నుంచి ఇంట్లో ఆ ఇద్దరే. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో మల్లిక హైదరాబాదులో ఒక మేడమ్ దగ్గర పదిరోజులుండి రంగుగాజు దీపాలు చేయడం నేర్చుకుని వచ్చింది. గాజును గీసి విరవాలి. ప్రతి ముక్క అంచుకూ సన్నని రాగి పట్టీ చుట్టాలి. ముక్కలు పక్కపక్కన పేర్చి, పట్టీల మీదుగా సీసం కరిగించి అతకాలి. చెప్పుకోవడానికి ఇంతే.

బడులు తెరిచాక మోదుగు పూల దీపం చేద్దామనుకుంది. కూలగొట్టిన పాత ఇళ్ల దర్వాజాల పైన ఉండే రంగు అద్దాలు పాతసామాను దుకాణంలో దొరికాయి. ఆకులకు సరిపడా ఆకుపచ్చ గాజు దొరికింది కానీ, పూలకు ఎర్రది ఒక్క పలకే. గుండ్రటి ఆకారం రావాలని కుమ్మరి దగ్గర కుండ కొని బోర్లించి, దాని మీద ముక్కలు పేర్చుకుంది. కోయడం బాగానే వచ్చింది. అతకడం దగ్గరే కష్టమైంది. సీసం ఒకచోట గడ్డకడితే ఇంకోచోట అసలు అంటేది కాదు.

పెద్దులు వరండాలో కూర్చుని మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు ఉండబట్టలేకపోయాడు.

“గట్ల గుచ్చితే సీసం పారదు బిడ్డా. జర జరుగు” అన్నాడు. అటక మీది సంచి దింపి, తన సోల్డరింగ్ ఐరన్ తీసి వేడి పెట్టాడు.

రేడియోలో తీగ అతికినట్టే ఐరన్ మొనను పట్టీ మీద ఆనించి, అలాగే పట్టుకున్నాడు. సీసం అందంగానే కరిగింది. అంతలో ఠప్పుమని చప్పుడైంది. నడిమి పూరేకు వేడికి అడ్డంగా పగిలిపోయింది. ఎర్ర పలకలో దానికి సరిపోయే ముక్క ఇంక లేదు. మల్లికకు ముందు గాజు పోయిందే అన్న బాధ కలిగింది. తర్వాత తండ్రి ముఖం చూసి, వంగి పగిలిన ముక్కలు ఏరసాగింది. ఆయన ఐరన్ పక్కన పెట్టి లేచి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి పెద్దులు వరండాలోనే ఉన్నాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పారేసిన గాజు ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. వాటికి పట్టీ చుట్టి పొద్దంతా అతుకుతూనే ఉన్నాడట. చుట్టూ పది పన్నెండు పగిలిన ముక్కలున్నాయి.

“ముప్పై ఏండ్ల అలవాటు. వేడెక్కేదాక పట్టుకొమ్మనే చెయ్యి చెప్తది” అన్నాడు. ఐరన్ ఆమె వైపు జరిపి, “మీ మేడమ్ ఎట్ల చేయమన్నదో నాకు మొదటికెల్లి చెప్పు” అన్నాడు.

మల్లిక పక్కన కూర్చుంది. మొనను ఒకచోట ఆపొద్దని, కరిగిన సీసాన్ని మెల్లగా ముందుకు నడిపించుకుంటూ పోవాలని చెప్పింది. అతుకు చెడితే వెంటనే దిద్దబోకుండా గాజు చల్లారేదాకా ఇంకో అతుకు చూసుకోవాలంది. బడిలో పిల్లల చెయ్యి పట్టుకుని గీయించినట్టే ఆయన మణికట్టు పట్టుకుని రెండుసార్లు నడిపించింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఐదో రోజుకు అతుకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నున్నగా, గుండ్రంగా వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, లోపలికి వెళ్లి ఇద్దరికీ చాయ పెట్టుకొచ్చాడు.

ఆ ఆదివారం ఎవరికీ చెప్పకుండా పాలమూరు బస్సెక్కాడు. అక్కడి పాతసామాను దుకాణాలన్నీ తిరిగి, తువ్వాలలో చుట్టిన ఒక గాజు పలకతో పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు.

“ఎరుపు దొరకలేదు బిడ్డా. గిది జర పసుపు గలిసినట్టున్నది. పనికొస్తదా?” అని అడిగాడు.

మల్లిక దాన్ని దిగుతున్న పొద్దుకు ఎదురుగా పట్టి చూసింది. మాఘంలో నల్లమల అంచున పూసే మోదుగు సరిగ్గా ఆ రంగే ఉంటుంది. ఎర్ర రేకులన్నీ తీసేసి కొత్తవి కోద్దామంది. నడిమి రేకు తానే కోస్తానన్నాడు పెద్దులు. రెండు ముక్కలు పాడుచేసి మూడోది సరిగ్గా విరిచాడు.

దీపం పూర్తయ్యాక లోపల బల్బు వెలిగించి చూస్తే అతుకుల మధ్య సూదిమొనంత సందుల్లోంచి వెలుతురు కారుతోంది. పెద్దులు ఇంకో రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటే పూడ్చాడు. దీపాన్ని గురుకులం లైబ్రరీలో వేలాడదీశారు. దాని కింది బల్ల దగ్గర చదువుకోవడానికి పిల్లలు వంతులు వేసుకుంటున్నారని మల్లిక ఇంటికొచ్చి చెప్పింది.

నెల తిరగకముందే ప్రిన్సిపాల్ కబురు పంపింది. ఇంటర్ పిల్లలకు శనివారాలు ఈ పని నేర్పుతారా అని అడిగింది. తాను ఏడో తరగతితో బడి మానేసినవాడినని, పిల్లల ముందు నిలబడితే నోరు పెగలదని పెద్దులు రెండు రోజులు తప్పించుకున్నాడు. మూడో రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

మొదటి శనివారం క్లాసులో, సీసం పొగ పిల్లలకు తగలకుండా అతికే పని కిటికీ పక్కన తానే చేస్తానని, పిల్లలు కోయడం, పట్టీ చుట్టడం నేర్చుకోవాలని ముందే చెప్పాడు. గాజు రవ్వలు కళ్లలో పడకుండా అందరూ కళ్లద్దాలు పెట్టుకునేదాకా గాజు ముట్టనివ్వలేదు. ప్రణీత అనే అమ్మాయి గాజు కోసే కట్టరు పట్టుకుని గీయడానికి భయపడుతూ కూర్చుంది. ఆయన ఆమె బల్ల దగ్గర ఆగాడు.

“ఫికర్ చేయకు. నేను గూడ మస్తు ముక్కలు పలగ్గొట్టిన. ఆపకుండ ఒక్కటే గీత గీయి” అన్నాడు.

మొదటి గీత పక్కకు పోయింది. రెండోదీ అంతే. మూడోసారి గాజు గీసిన వంపు వెంటే విరిగి రెండు ముక్కలై ఆమె చేతుల్లోకి వచ్చింది. ఆమె తలెత్తి చూసేసరికి పెద్దులు పక్క బల్ల మీదికి వంగి, ఇంకో అమ్మాయికి కట్టరు ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు.