ఒక రోజు ముందే

తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగిళ్లలో పదిమంది కలిసి ఎక్కడికైనా పోవాలంటే మొదట దొరైసామిని అడిగేవారు. కాశీకైనా సరే, పిల్లను చూడటానికి సాత్తూరుకైనా సరే, ఏ వేళకు బయలుదేరాలి, ఎక్కడ కాఫీ తాగాలి, ముసలివాళ్లను ఏ సీట్లో కూర్చోబెట్టాలి అన్నది ఆయనే తేల్చేవాడు. ఆయన రైతు. విళాత్తికుళం దగ్గర నల్లరేగడిలో మిరప, పత్తి వేసేవాడు. ఆ నేలకు బావి లేదు, కాలువ లేదు. వాన పడితే పంట, లేకపోతే లేదు. సేద్యంలో ఏ ఒక్కటీ తన చేతుల్లో లేదు కాబట్టి కాబోలు, ప్రయాణాల్లో మాత్రం ఏ ఒక్కటీ చేయి జారనిచ్చేవాడు కాదు.

ఆయన కొడుకు ఆనంద్‌కుమార్ కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు మహేశ్వరిప్రియది విరుదునగర్. ఆమె తండ్రి నారాయణసామికి అక్కడ పప్పుల వ్యాపారం. ఇద్దరు వియ్యంకులకూ ఒకే ఏడు అరవై నిండాయి. రెండు ఊళ్లలో రెండు వేడుకలు చేస్తే ఏది ముందు, ఏది వెనక అన్న పేచీ వస్తుందని పిల్లలు ఆలోచించి, నలుగురు పెద్దవాళ్లనూ కలిపి ఓడ ఎక్కించాలనుకున్నారు. చెన్నై రేవులో ఎక్కితే మూడు రోజులు తిప్పి మళ్లీ అక్కడే దింపుతారు. అక్టోబరు నడిమి నుంచి వచ్చే ఐప్పసి, ఆ తర్వాతి కార్తిక మాసాల్లో టిక్కెట్లు చవకగా దొరికాయి. ఎందుకు చవకో అప్పుడు ఎవరూ అడగలేదు.

దొరైసామి అడిగింది వేరే ప్రశ్న. ఓడను ఆ పక్క కప్పలు అంటారు.

"కప్పలు ఏ ఊరికి పోతుంది?"

ఏ ఊరికీ పోదని, నడిసముద్రం దాకా పోయి తిరిగొస్తుందని కొడుకు చెప్పాడు. చేరాల్సిన ఊరు లేని ప్రయాణానికి తిట్టం, అంటే పథకం, వేయడం ఎలాగో దొరైసామికి ఒక పూటంతా అర్థం కాలేదు. ఆ తర్వాత ఆయన ఓడ కంపెనీ ఆఫీసుకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి అక్కడ ఫోనెత్తే అమ్మాయి కంటే ఆయనకే ఎక్కువ తెలిసింది. కింది అంతస్తులో, ఓడ నడిమధ్య గది అయితే ఊపు తక్కువ. ఆధార్‌లో పేరు ఎలా ఉందో టిక్కెట్టులోనూ అలాగే ఉండాలి. పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి సాయంత్రానికి గాని రావు. కాబట్టి మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిలు పనికిరావు. బయటి తిండి అసలే తేకూడదు.

సముద్రంలో కడుపు తిప్పుతుందని విని, భార్య పంచవర్ణాన్ని కడంబూరు బస్సులో చివరి సీటులో కూర్చోబెట్టి రెండుసార్లు తిప్పి తెచ్చాడు. ఆమె కిటికీ పక్కన హాయిగా నిద్రపోయింది. దిగేటప్పుడు మొహం పాలిపోయింది ఆయనకే. ఎండకు అలా అయిందన్నాడు.

తిట్టమంతా తేల్చుకోవడానికి ఒక ఆదివారం విరుదునగర్ వెళ్లారు. వియ్యంకుల మధ్య మాటలు ఉన్నా, పెళ్లినాటి నుంచీ కొంచెం ఎడం ఉంది. ఆ రోజు దొరైసామి మగపెళ్లివారిని ఎంత ముందుగా దించాడంటే, కల్యాణమండపం తాళమే ఇంకా తీయలేదు. అందరూ వీధిలో నిలబడ్డారు. ఎదురుకోలుకు మనిషి లేడని దొరైసామి, పిలవని వేళకు వస్తే ఎవరు ఎదురొస్తారని నారాయణసామి, ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. నారాయణసామి పద్ధతి వేరు. రైలు కూత వినపడ్డాక ఇంట్లో చెప్పులు వేసుకునే మనిషి ఆయన. ఇంతవరకూ ఒక్క రైలూ తప్పిపోలేదు.

భోజనాలయ్యాక అసలు సంగతి వచ్చింది. ఓడ సాయంత్రం కదులుతుంది కాబట్టి ముందురోజు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై, తీరిగ్గా రేవుకు పోవచ్చు అన్నది నారాయణసామి లెక్క. దొరైసామి ఒప్పుకోలేదు. రాత్రి రైలు ఏదో కారణాన ఆగిపోతే ఓడ మనకోసం నిలబడదు కదా అన్నాడు. ముందురోజు పగటి రైలుకే పోయి, లాడ్జిలో దిగి, ఒళ్లు కడుక్కుని, మర్నాడు రేవుకు పోవాలి. ఇది తన మాట కాదనీ, లోకంలో ఓడలెక్కే వాళ్లందరూ పాటించే నియమమనీ చెప్పాడు. చివరికి నారాయణసామి చేతులు దులుపుకుని లేచాడు.

"సరే సమ్మందీ, మీ ఇష్టం. కప్పలును కూడా ముందు దినమే కదలమని సెప్పేయండి."

ఆడవాళ్లు ఆ వాదంలో తలదూర్చలేదు. నారాయణసామి భార్య పెరియనాయగి ఓడలో వండే అన్నం ఎలా ఉంటుందో తెలియదని పులిహోర గుజ్జు, పప్పుపొడి, కారం సేవు, మురుకులు కట్టుకునే పనిలో ఉంది. రేవులో పారేస్తారని దొరైసామి హెచ్చరించాడు. పారేస్తే వాళ్లు పారేస్తారు, నేను పారేయను కదా అని ఆమె మూట ముడివేసింది.

ఆ ఏడు ఐప్పసి ఎండగా గడిచింది. మిరప నారు వేళ్లూనే సమయానికి వాన లేక ఆకులు ముడుచుకుంటున్నాయి. కార్తిక మాసం రాగానే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందని, తుఫానుగా మారి దక్షిణ జిల్లాల మీదుగా పోవచ్చని టీవీలో చెప్పారు. పొలం చూసుకునే చెల్లసామి సంతోషం పట్టలేక ఫోన్ చేశాడు. తూత్తుకుడి పక్కన మబ్బు కమ్ముతోందని, మిరప బతికినట్టేనని తమిళంలో గడగడా చెప్పుకుపోయాడు. దొరైసామి సరే, సరే అని పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక వాన కబురుకు ఆయన గుండె బరువెక్కడం అదే మొదటిసారి. ఓడ ప్రయాణం నాలుగు రోజుల్లో ఉంది.

మర్నాడు పొద్దున పంచవర్ణం దేవుడి గదిలోకి వచ్చేసరికి ఆయన ఒక చేతిలో ఫోన్ పట్టుకుని, అందులో గిరగిరా తిరుగుతున్న మబ్బుల పటాన్ని చూస్తూ, రెండో చేత్తో దండం పెడుతున్నాడు.

"ఏమి మొక్కుకుంటా ఉండారు?" అని అడిగింది.

"ఊరికేనే."

"వాన వద్దనా?"

"వద్దని కాదు," అన్నాడు దొరైసామి ఫోన్‌తో ఉత్తరం వైపు చూపి. "కొంచెం అట్లా వడక్కు పోయి, ఆంద్రా పక్కన పడనీ అని. మన పెద్దోళ్లు ఆడినుంచే గదా వచ్చిరి. ఆడ పడితే మనోళ్లకు పడినట్టే."

పంచవర్ణం దీపంలో నూనె పోసి బయటికి వచ్చేసింది.

తుఫాను నిజంగానే దారి మార్చుకుంది. దక్షిణానికి రావలసింది ఉత్తరానికి మళ్లిందని, ఆంధ్ర తీరం వైపు పోతుందని చెప్పారు. ఓడ అనుకున్న వేళకే కదులుతుందని కంపెనీ వాళ్లు కబురు పంపారు. దొరైసామి మొహం తేటపడింది. బయలుదేరే రోజు కోవిల్‌పట్టి స్టేషన్‌కు గంటన్నర ముందే చేరి, పంచవర్ణంతో బెంచీ మీద కూర్చున్నాడు. విరుదునగర్‌లో రైలు కదలబోతుండగా నారాయణసామి భార్యతో, మూటలతో ఎక్కాడు. ఆయన చొక్కా మీద చెమట చుక్క కూడా లేదు.

చెన్నైలో రేవుకు దగ్గర్లో ఒక వీధిలో లాడ్జి. చేరేటప్పటికి చినుకులు పడుతున్నాయి. నలుగురికీ ఒకే పెద్ద గది. మర్నాడు తెల్లవారి కిటికీ తెరిస్తే వీధి కనపడలేదు, అంతా నీళ్లే. ఆంధ్రాకు పోవలసిన తుఫాను నడిదారిలో మనసు మార్చుకుని చెన్నై ఎదుట కదలకుండా నిలబడిపోయింది. ఓడ ప్రయాణం రద్దయిందని ఫోన్‌కు కబురు వచ్చింది. కాసేపటికి ఆనంద్‌కుమార్ ఫోన్ చేసి, చెన్నై పక్క వానలవల్ల రాత్రి రైళ్లన్నీ ఆపేశారని, నిన్న రాత్రి బండి విరుదునగర్ దాకా కూడా రాలేదని చెప్పాడు.

 నారాయణసామి కిటికీ దగ్గరికి వెళ్లి, తేలిపోతున్న ఎవరిదో స్కూటరును చూస్తూ నిదానంగా అన్నాడు:

"నేను సెప్పిన రైలు అయ్యుంటే, మనము ఈ పొద్దు ఇంట్లో ఉందుము."

వెటకారమేమీ లేకుండా అన్నాడు. అందుకే దొరైసామికి మరీ తగిలింది.

మధ్యాహ్నానికి లాడ్జి కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి. వంటగది మునిగింది, కరెంటు పోయింది. పైన గదుల్లో ఉన్న వాళ్లలో సగం మంది ఆ ఓడ ఎక్కడానికే వచ్చినవాళ్లు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెరియనాయగి, పంచవర్ణం మెట్ల దగ్గరికి వెళ్లి లాడ్జి మేనేజరుతో తమిళంలో మాట్లాడారు. ఆయన తడవకుండా మిగిలిన బియ్యం మూట, గ్యాసు పొయ్యి పైకి మోయించాడు. ఇద్దరు వియ్యపురాళ్లూ వసారాలో అన్నం వండి, గుజ్జు కలిపి, అందరికీ విస్తర్లు లేక వార్తాపత్రికల మీద పెట్టారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చిన్నపిల్లలను చూసి అప్పటికప్పుడు తేల్చారు. దొరైసామి వరసలు ఎలా ఉండాలో చెప్పబోతే పంచవర్ణం ఆయన చేతికి గిన్నె ఇచ్చి పట్టుకోమంది. ఆయన పట్టుకున్నాడు. పక్కన నారాయణసామి నీళ్లు పోస్తున్నాడు. ఇద్దరూ ఆ రోజంతా ఆ రెండు పనులే చేశారు.

మూడో రోజు పొద్దున సహాయం చేసేవాళ్లు రబ్బరు పడవ తెచ్చారు. పెద్ద రోడ్డు దాకా దించుతారట, అక్కణ్నుంచి బస్సులున్నాయట. పడవ వస్తోందని తెలియగానే దొరైసామి చేతిసంచి తీసి, కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలు నలుగురికీ ఇచ్చాడు. మిగతావాళ్లు పుచ్చుకుని సంచిలో వేసుకున్నారు. ఆయన ఒక్కడే రెండు మింగాడు. మాత్ర పనిచేయడానికి అరగంట పడుతుంది. పడవ ప్రయాణం అంతకంటే చాలా ముందే ముగిసింది. ఆ మందు మత్తుకు బస్సుల్లో మదురై దాటేదాకా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు. దారిలో ఎక్కడ దిగాలి, ఎక్కడ బస్సు మారాలి అన్నది ఆ ముగ్గురే చూసుకున్నారు.

విరుదునగర్‌లో వియ్యంకుడి ఇంట దిగి, మర్నాడు కోవిల్‌పట్టికి వచ్చారు. నెత్తిన ఎండ మండిపోతోంది. ఈ పక్క ఒక్క చినుకు పడలేదు. ఉన్న మబ్బులను కూడా ఆ తుఫాను తనవైపు లాక్కుపోయింది. ఆ సాయంత్రమే దొరైసామి పొలానికి వెళ్లాడు. చెల్లసామి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మిరప మొక్కలు సగానికి సగం ఎండిపోయాయి. ఇంత దగ్గరికొచ్చి ఎందుకు తిరిగిపోయిందో అర్థం కావడంలేదని చెల్లసామి అన్నాడు. దొరైసామి ఆ ముఖంలోకి చూడలేక నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేల నెర్రెలిచ్చి ఉంది.

ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. పంచవర్ణం రెండుసార్లు పిలిచి, వచ్చి పక్కన కూర్చుంది.

"నేను మొక్కుకొంటి గదా, దానికే పాయె," అన్నాడాయన. "నేను అడిగింది ఆంద్రాకు. అది చెన్నైలో నిలిచిపాయె. ఈడ పైరు పాయె, ఆడ అంతమంది ఇండ్లు మునిగె."

పంచవర్ణం కంచం ఆయన ముందుకు జరిపింది.

"మీరు సెప్తే తుపాను తిరుగుతుందా? మీరంత పెద్దోరా?" అంది.

ఆ మాటకు ఆయన గుండెల మీది బరువు సగం దిగింది. ఎందుకో కొంచెం చిన్నతనం కూడా అనిపించింది. అన్నం తిన్నాడు.

నెల తిరగకముందే మామూలు వాన ఒకటి, ఎవరూ ముందుగా చెప్పనిది, రెండు రోజులు కురిసింది. మిగిలిన మిరప నిలబడింది. ఓడ కంపెనీ వాళ్లు ఎండాకాలం మొదట్లో మరో తేదీ ఇచ్చారు. అప్పటికి దొరైసామికి కాయ కోతలు, ఎండబెట్టడం. నారాయణసామికి కొత్త పప్పు వచ్చే రోజులు. మగవాళ్లు కదలలేమన్నారు. తేదీ మార్పించాలని దొరైసామి ఫోన్ చేతిలోకి తీసుకునేలోపే, ఆడవాళ్లిద్దరూ మహేశ్వరిప్రియను తోడు పిలుచుకుని తామే వెళ్తామన్నారు. ఆయన కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. పంచవర్ణం తల ఊపుతూ విన్నది. తర్వాత ముగ్గురూ ఓడ కదిలే ముందురోజు రాత్రి రైలే ఎక్కారు. రైలు వేళకు చేరింది. ఓడ వేళకు కదిలింది.

పంచవర్ణం తిరిగొచ్చేసరికి దొరైసామి మిద్దె మీద కర్రతో మిరపకాయలు తిరగేస్తున్నాడు. గది ఓడ మధ్యలోనే ఇచ్చారా అని అడిగాడు. గదిలో ఉంటే గదా తెలిసేది, పైన గాలికే కూర్చుంటిమి అంది. ఏ అంతస్తు అని అడిగితే ఎవరూ లెక్కపెట్టలేదంది. పెట్టెలు ఎప్పుడొచ్చాయి, అన్నం ఎలా ఉంది, ఊపు ఎంత అన్నాడు. అన్నిటికీ బాగుందనే చెప్పింది. పెరియనాయగి వదినకు నీళ్లు చూసి మొదట భయమేసిందని, తర్వాత ఆమెను పైనుంచి లాక్కురావడమే కష్టమైందని నవ్వింది. ఆయన తిట్టం లేకుండానే ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పిపోలేదు. దొరైసామి ఇంకో వరస కాయలు తిరగేశాడు.

"మళ్లా పోతాము," అంది పంచవర్ణం. "అందమానుకు పోదామంటా ఉండాది వదినె."

"ఎప్పుడు?"

"దినము పెట్టుకోలేదు. పోవాలని తోచినప్పుడు."

ఆయన గడ్డపార పట్టుకున్నట్టు ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. 

"సరే," అన్నాడు చివరికి. "తోచినప్పుడు నాకూ సెప్పండి. నేనూ వస్తాను."