గుహలో రాజలింగు, బాయిలో రాజలింగు

నేను ఒక పిరికిదాన్ని. రెండు అరచేతుల్లో ఇమిడిపోయే వీడియోగేమ్ యంత్రాన్నని కూడా చెప్పుకోవచ్చు గానీ, నా గురించి ముందుగా తెలియాల్సింది ఆ పిరికితనమే. ఈ లోకంలో నాకంటూ ఉన్న ఆస్తి ఒక బ్యాటరీ. తెర మూలన దాని గుర్తు ఎర్రబడిందంటే చాలు, నాకు పై ప్రాణాలు పైనే పోతాయి.

నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో నడుమెత్తు నుంచి కింద పడేసి చూశారు. పగలలేదని సంబరపడి డబ్బాలో పెట్టారు. పగిలి ఉంటే ఏం చేసేవారో ఎవరూ చెప్పలేదు. నా భయం అక్కడే మొదలైంది.

నాలో ఉన్నది ఒకే ఆట. దాని పేరు ‘నాలుగు కాగడాలు’. ముప్పై ఏళ్ల కిందట పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన ఆటను మళ్లీ తయారుచేసి నాలో పెట్టారు. నలుగురు వీరులు ఊరూరా తిరిగి, గుహల్లోకి దిగి, ఆరిపోయిన కాగడాలు వెలిగించాలి. కొత్తగా చేసినవాళ్లు అది కొత్తగా కనబడకూడదని తెగ కష్టపడ్డారు. మనుషులు రంగు గళ్లలాగే ఉంటారు, నోరు తెరిస్తే మాట రాదు, అక్షరాలు వస్తాయి. పాతకాలపు కాఠిన్యాన్ని కూడా అలాగే ఉంచారు. చచ్చిన వీరుడు మళ్లీ లేవడు. వేసిన ప్రతి అడుగూ అప్పటికప్పుడు నాలో నిలిచిపోతుంది, వెనక్కి పోవడం ఉండదు. ఓడిపోతున్నామని తెలియగానే మీట నొక్కి తప్పించుకునేవాళ్ల కోసం ఇంకో నియమం పెట్టారు. పోరు మధ్యలో నేను ఆరిపోతే నలుగురూ చచ్చినట్టే. ఇంత బరువు నెత్తిన పెట్టేముందు నన్నెవరూ ఒక మాట అడగలేదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిశాంత్ అని. డబ్బా విప్పగానే “నా చిన్నతనం తిరిగొచ్చింది” అని స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు. వారం తిరగకుండానే ఆ చిన్నతనానికి తీరిక చాలలేదు. నన్ను సొరుగులో పడేసి, పెళ్లికి ముందు గది ఖాళీ చేస్తూ కోఠీలో పాత సామాన్ల దుకాణంలో అమ్మేశాడు. సొరుగు చీకటిగా ఉండేది. దుకాణం అద్దాల పెట్టె మరీ వెలుతురుగా ఉండేది. రెండు చోట్లా వణుకుతూనే గడిపాను.

ఆ దుకాణంవాడు నన్ను వెలిగించి పాట పెట్టిన ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద పోతున్న ఒకామె టక్కున ఆగిపోయింది. ఆమె స్వరూప. గోదావరిఖని నుంచి అత్తగారి కంటి ఆపరేషన్ కోసం వచ్చారు. చిన్నప్పుడు స్వరూప మేనమామకు వీడియోగేమ్ కొట్టు ఉండేదట. ఆడపిల్లలు రాని ఆ కొట్టులో, మేనకోడలన్న చనువుతో మూల స్టూలు మీద కూర్చుని ఆమె ఈ ఆటే ఆడేదట. గుహ దాటకముందే మామ కొట్టు మూసేశాడు. భర్త రాజలింగు ఆమె ముఖం చూశాడు, ఇంకేమీ అడగకుండా నన్ను కొన్నాడు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న అత్తగారు లచ్చవ్వ మాత్రం “పోరగాండ్లు ఆడేది నీకెందుకే?” అని బస్టాండు దాకా సణుగుతూనే ఉంది.

రాజలింగు బొగ్గుబాయి కార్మికుడు. గనిని అక్కడ బాయి అంటారు. తలకు దీపం పెట్టుకుని భూమి లోపలికి దిగే పని. లచ్చవ్వ భర్త కూడా అదే పనికి దిగి, ఒకనాడు పైకి రాలేదు. ఆ ఉద్యోగమే కొడుక్కి వచ్చింది. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. రాజలింగు సద్ది గిన్నె పట్టుకుని గడప దాటుతుంటే లచ్చవ్వ చేతిలో పని ఆగిపోవడం మాత్రం నేను రోజూ చూసేదాన్ని.

ఆట మొదలుపెట్టగానే నలుగురు వీరులకు పేర్లు అడుగుతాను. స్వరూప చక్కగా ఇంటివాళ్ల పేర్లు పెట్టింది. కత్తి పట్టినవాడు రాజలింగు. మంత్రాలు వేసేది స్వరూప. బాణాలు వేసేది గురుకులంలో చదువుకుంటున్న కూతురు శ్రీనిజ. గాయాలు మాన్పే ముసలామె లచ్చవ్వ. మనుషులకు ఇదో సరదా. తమ ప్రాణాలకు ఉన్న పేర్లనే తెచ్చి నాలాంటి పిరికిదాని చేతిలో పెడతారు.

సంగతి తెలిసి లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. “ఇంటోళ్ల పేర్లు వెట్టి పాముల మీదికి తోలుతానవా? నోట్లెకెళ్లి చెడుమాట అస్తేనే తథాస్తు దేవతలు ఇంటరు గదనే!”

“ఆటనే గదా అత్తమ్మా.”

“గుహల ఉన్నోడు నా కొడుకు. బాయిల ఉన్నోడు నా కొడుకు. ఇద్దరినీ ఒక్కపాలి దింపుతవా?”

స్వరూప నవ్వేసింది గానీ, ఆ మాట ఆమె మనసులో కూడా దిగబడింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. రాజలింగు బాయిలో ఉన్నంతసేపూ నాలోని రాజలింగు ఊళ్లోని సత్రంలోనే కూర్చోవాలి. ఆయన ఇంటికొచ్చి, స్నానం చేసి, చాయ్ తాగిన తర్వాతే ఈయన గుహలోకి దిగాలి. రాక్షసులంతా షిఫ్టు దిగేదాకా ఎదురుచూసేవాళ్లు. ఇలాంటి ఏర్పాటు నన్ను తయారుచేసినవాళ్ల కలలోకి కూడా వచ్చి ఉండదు. నాకు మాత్రం అదే హాయిగా ఉండేది.

ఒక ఆదివారం ఆ కట్టుబాటు తప్పింది. సెలవు రోజు, రాజలింగు జుట్టు కత్తిరించుకొస్తానని బయటికి పోయాడు. పొద్దుటి నుంచి కరెంటు లేదు. వంట అయిపోయింది, లచ్చవ్వ వాకిట్లో చింతపండు ఒలుస్తోంది. స్వరూప నన్ను చేతిలోకి తీసుకుని నలుగురినీ గుహలోకి దింపింది. చిన్నప్పుడు దాటలేకపోయిన గుహ అదే. అడుగున రాతిపురుగు ఎదురైంది. పోరు మొదలైంది. మొదటి దెబ్బకే రాజలింగు ప్రాణం మూడు గీతలకు పడిపోయింది.

అప్పుడే ఎదురింటి కొమురమ్మ కొంగు సవరించుకుంటూ వచ్చింది. “లచ్చవ్వా, చెప్పుడు మర్సిన. మీ లింగు బాయికి పోయిండు. ఎవలో డ్యూటికి రాలేదట, తొవ్వల దొరకవట్టి తీస్కపోయిండ్రు. ఇంట్ల చెప్పుమన్నడు, చాలసేపాయె.”

లచ్చవ్వ చేతిలోని చింతపండు జారి కింద పడింది. స్వరూప ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు, బాయిలోకి ఫోన్లు తీసుకుపోరు. అంతలోనే బాయి వైపు నుంచి సైరన్ మోగింది. అది షిఫ్టు సైరన్ కాదు. షిఫ్టు వేళ కూడా కాదు. వీధిలో ఎవరో “కప్పు కూలిందట!” అని అరుస్తూ పరుగెత్తారు. కొమురమ్మ కూడా అటే ఉరికింది.

స్వరూప లేవబోయింది. లచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “యాడికి? వాడు నీ చేతుల ఉన్నడు గదనే!”

నవ్వకండి. ఆ క్షణాన ఆ మాట నాకూ నిజంలాగే అనిపించింది. బయట బాయిలో ఏం జరుగుతోందో నాకేం తెలుసు? నా లోపల మూడు గీతల ప్రాణంతో ఒక రాజలింగు నిలబడి ఉన్నాడు. నా తెర మూలన గుర్తు ఎర్రబడింది. నేను ఆరిపోతే అతను పోతాడు. దెబ్బ ఎంత తగలాలో తేల్చే పాచిక నా లోపలే పడుతుంది, ఎలా పడాలో నా చేతిలో లేదు. నాకు చేతులే ఉంటే కళ్లు మూసుకునేదాన్ని.

“బంజెయ్యరాదా?” అంది లచ్చవ్వ.

“బంజేస్తే అందరు పోతరు అత్తమ్మా. చార్జింగు ఐపోవట్టింది. కరెంటు లేదు.” “ఆ పురుగు ఇగ కొట్టేది ఈయన్నే. ఇంకొకరు అడ్డం నిలవడితే ఆ దెబ్బ వాళ్లకు తగుల్తది. ఈయన బతికి దాన్ని చంపుతడు. అడ్డం నిలవడినోళ్లు మళ్ల లెవ్వరు.”

ఆ మాట అంటూనే ఆమె వేలు తన పేరు మీదికి పోయింది. అది నాకు స్పష్టంగా తెలిసింది, చెమట పట్టిన వేలు.

“ఏం జేస్తానవే?”

“నేను నిలవడ్త.”

“నీకు బిడ్డ ఉన్నది.” లచ్చవ్వ కళ్లద్దాలు సర్దుకుని నా మీదికి వంగింది. “ఇందుల నేనేది? ఈ తెల్లచీర గట్టినదేనా? నన్ను ముందల వెట్టు.”

“అత్తమ్మా, వద్దు...”

“వెట్టుమంటే వెట్టు. నాకు భయమైతాంది, జెల్ది వెట్టు.”

స్వరూప కళ్ల నీళ్లు నా తెర మీద పడ్డాయి. వాటి కిందే తెల్లచీర ముసలామె రెండడుగులు ముందుకు జరిగి, కత్తి పట్టినవాడికి అడ్డంగా నిలబడింది. రాతిపురుగు కొట్టింది. ఆమె పేరు బూడిదరంగులోకి మారింది. రాజలింగు కత్తి ఎత్తాడు, పురుగు చచ్చింది, కాగడా వెలిగింది. నలుగురిలో ముగ్గురు గుహ బయటికి వచ్చారు. ఆ వెంటనే నేను ఆరిపోయాను.

తర్వాత సంగతి నేను విన్నదే. రాజలింగు పొద్దుగూకక ముందే ఇల్లు చేరాడు, ముఖమంతా బొగ్గు. కూలిన కప్పు మనిషి మసలని పాత సొరంగంలోదట, ఎవరికీ గీత కూడా పడలేదట. లచ్చవ్వ కొడుకు ముఖాన్ని రెండు చేతులా తడిమి, ఆ మసి తన కొంగుకే తుడుచుకుంది. అతను “ఆకలైతాంది అవ్వా” అన్నాడు. మనుషులు చావు అంచుదాకా పోయినా, పోకపోయినా ఇంటికొచ్చి అడిగేది అన్నమే.

జరిగింది విని మొదట పకపకా నవ్వాడు. తల్లి నవ్వకపోవడం చూసి ఆపేశాడు. “మొదటిసంది షురూ చేస్తే ఐపాయె గదా స్వరూపా. అవ్వ మళ్ల లేస్తది.”

“ముట్టుకుంటే ఊకోను,” అంది లచ్చవ్వ. “నా పానం ఇచ్చినంక మళ్ల గుంజుకుంటరార? నువ్వు బాయిల దిగినన్ని దినాలు నన్ను గట్లనే ఉండనియ్యి.”

ఆ రోజు నుంచి లచ్చవ్వ దగ్గితే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడేవారు. ఆమె కూడా ఉలిక్కిపడేది, పైకి చెప్పేది కాదు. స్వరూప ఆట ముట్టుకోలేదు. ఆరిపోయినా నాలో రాసినది చెరిగిపోదని లచ్చవ్వకు తెలియదు. అందుకే రాజలింగు డ్యూటీకి బయలుదేరేముందు నన్ను కరెంటుకు తగిలించి, పచ్చదీపం వెలిగేదాకా పక్కనే నిలబడేది. “ఆరకు తల్లీ,” అనేది నాతో. అంత మర్యాదగా నన్నెవరూ పిలవలేదు. అంతగా భయపెట్టినవాళ్లూ లేరు.

రెండు వానాకాలాలు అలా గడిచాయి. రాజలింగు మోకాళ్లు అరిగి, డాక్టర్లు చూసి, అతన్ని పైపనికి మార్చారు. దిగేవాళ్లకు దీపాలు అందించే గదిలో డ్యూటీ.

“ఇగ దిగుడు లేదా?” అంది లచ్చవ్వ.

“లేదు అవ్వా.”

“ఎవలన్న రాకుంటే?”

“ఎవలు రాకున్నా నన్ను దింపరు.”

ఆమె మళ్లీ అడిగింది, అతను మళ్లీ చెప్పాడు. అప్పుడు లచ్చవ్వ నన్ను కరెంటు నుంచి తీసి స్వరూప ఒళ్లో పెట్టింది. “ఆడుకో బిడ్డా. ఇన్నొద్దులు నీ ఆట బంద్ వెడితిని.”

స్వరూప కొత్త ఆట అని నొక్కింది. పాతదంతా చెరిపెయ్యమంటావా అని అడిగాను. ఆ ప్రశ్న అడగడమంటే నాకు చచ్చేంత భయం. ఆమె సరే అంది. గుహ, కాగడా, బూడిదరంగు పేరు, అన్నీ పోయాయి. ఖాళీ అయిపోయి, నలుగురికీ పేర్లు అడిగాను.

స్వరూప రాజలింగు అని మొదలుపెట్టి ఒక అక్షరం కొట్టింది, తుడిపేసింది. కూతురి పేరు తలుచుకుని వెనక్కి తగ్గింది. చివరికి, “ఎవలో తెల్వనోళ్ల పేర్లు వెడ్త అత్తమ్మా,” అంది.

“తెల్వనోళ్లకు తల్లులుండరా?” అంది లచ్చవ్వ. మంచం మీద నుంచి దిగి, కోడలి పక్కన చాప మీద కూర్చుంది. “నా పేరు వెట్టు. నలుగురికీ నాదే వెట్టు.”

స్వరూప అత్త ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ, కత్తి పట్టినవాడికి లచ్చవ్వ అని పెట్టింది. మంత్రాలకు లచ్చవ్వ. బాణాలకు లచ్చవ్వ. తెల్లచీరకు లచ్చవ్వ. నలుగురూ గుహ ముందు వరుసగా నిలబడ్డారు. నాకు వణుకు పుట్టింది.

“ముందల నిలవడ్డది నేనే గద?” అంది ముసలామె, కళ్లు చికిలించి.

“నలుగురూ నువ్వే అత్తమ్మా.”

“ఐతె పోనియ్యి.”