తెల్ల మీసం

"ఇవాళ చిక్కటి మీగడ పాలు పట్టండమ్మా. ఎంత తాగితే అంత. చూద్దాం," అని డాక్టరు అనగానే ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. చివరి 'చూద్దాం' మాత్రం చెవికెక్కలేదు.

ఎలా ఎక్కుతుంది? పెళ్లయి నలభై రోజులు. అందులో మొగుడు ఛాతీలో గడ్డ తీయించుకుని మంచాన పడ్డవే తొమ్మిది. ఆ తొమ్మిదీ నోట్లో మెతుకు లేదు, సెలైనే. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం, దాని చివర సీసా, సీసాలో పసుపుపచ్చటి నీరు. అది ఆగితేనే ఇంటికి పంపుతారు.

క్యాంటీన్‌కి ఒక్క పరుగున వెళ్లి గ్లాసు నిండా తెచ్చి, పంచదార కలిపి పట్టింది. అతనికి తెల్ల మీసం వచ్చింది. వేలితో తుడిచి, ఎవరూ చూడకుండా ఆ వేలు నాక్కుంది.

"అక్కకి చూపించకు, దిష్టి పెడుతుంది," అన్నాడు.

"పెడతానురా! పెళ్లామొచ్చాక అక్క కంట్లో నలుసైపోయిందా?" అంది మంచం అవతల కూర్చున్న ఆడపడుచు.

నవ్వుకుంటూ ఇంకో గ్లాసు తెచ్చి పోసింది ఆమె.

మూడు గంటలు గడిచాయి. పక్క మంచం ముసలాయన పకపకా నవ్వాడు. "అమ్మాయ్, మీ ఆయన పాలివ్వడం మొదలుపెట్టాడు! సీసా చూడు."

సీసా తెల్లబడుతోంది.

డాక్టరు వచ్చి, "అనుకున్నదే," అన్నాడు హుషారుగా. "రక్తంలోంచి ఒంట్లోకి ఊరిన నీరు సన్నటి నాళాల్లో చేరుతుంది. తిన్న కొవ్వునీ కలుపుకుని, వెన్నెముక ముందు దారమంత నాళంలో పైకెక్కి, మెడకి ఎడమవైపు మళ్లీ రక్తంలో పడుతుంది. ఆ దారానికే మా కత్తి తగిలి చిల్లు పడినట్టుంది. అది తేల్చుకోవడానికే మీగడ."

"తాగొచ్చన్నారుగా?"

"తాగొచ్చనలేదమ్మా. పట్టమన్నాను."

మంచం మీద అతను గోడవైపు తిరిగిపోయాడు. "ఒకటి చాలక రెండో గ్లాసు కూడా పోశావుగా తల్లీ!" అంది ఆడపడుచు.

"ఇక చుక్క కూడా పట్టను," అందామె.

"అలా అంటే ఎలా?" అన్నాడు డాక్టరు. "రేపు పొద్దున పదింటికి మళ్లీ ఆపరేషన్. చిల్లు కనబడాలంటే తెల్లగా కారుతూ ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఇంకో గ్లాసు. నర్సు పడితే తాగడు. మీరే పట్టండి, ఇవాళ్టిలాగే నవ్వుతూ. పంచదార కాస్త ఎక్కువ వేయండి."