నాలుగో అంతస్తులో సోఫా

సాయంత్రం ఆరు పదికి రెండో అంతస్తులో కరెంటు మీటర్ల పెట్టె అంటుకుని మెట్లదారిలోకి పొగ వచ్చింది. లిఫ్టు ఆగిపోయింది. అపార్టుమెంటులో ఉన్నవాళ్లంతా కిందికి దిగారు. నాలుగో అంతస్తులో ఉండే, లారీ మెకానిక్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన మాత్రం ఇంటి గడప దాటి కారిడార్‌లో ఆగిపోయాడు. ఎదురుగా సోఫా ఉంది.

ఆ సోఫా పక్కింటి డ్రైవింగ్ మాస్టారిది. తలుపులు మార్పిస్తూ దాన్ని బయట పెట్టాడు. కొత్త తలుపు ఇరుకు కావడంతో మళ్లీ లోపలికి పట్టలేదు. సోఫాకూ గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలడు. తుంటి విరిగిన పెద్దాయన వాకర్ మాత్రం పోదు.

తీసేయమని పెద్దాయన కోడలు అడుగుతూనే ఉంది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

"ఆస్పత్రికెళ్లే రోజు ఒక్క మాట చెప్పమ్మా. ఎత్తి పట్టుకుంటా" అనేవాడు మాస్టారు.

"నిప్పు కూడా మీకు చెప్పే వస్తుందా బావగారూ?"

"దాని జోలికి వెళ్లకు" అనేవాడు మామగారు. రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ సోఫా మీదే పేకాడేవారు. ఎవరి కోసం పోట్లాడుతోందో ఆ మనిషే అవతలి పక్షంలో ఉన్నాడు.

ఆరోజు పొగ పైకి వస్తుంటే, మామగారితోపాటే ఆగిపోయిన ఆమె సోఫాను నెట్టింది. కదల్లేదు. మామగారిని దాని ఒక చివర కూర్చోబెట్టి, రెండో చివరకు జరగమంది. ఆయన ఆగి ఆగి, దగ్గుతూ జరిగాడు. ఆమె వాకర్‌ను సోఫా పైనుంచి అందించింది. మెట్ల దగ్గరికి చేరేసరికి ఫైర్ సిబ్బంది వచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోశారు.

కింద మాస్టారు ఎదురొచ్చాడు. "సోఫా ఉండబట్టి సరిపోయింది బాబాయ్. లేకపోతే ఎక్కడ కూర్చునేవాడివి?"

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు పెద్దాయన.

కోడలు ఇద్దరినీ చూసింది. "సోఫాకి దండ వేయమంటారా?"

ఫైర్ ఆఫీసరు పైకి వెళ్లి చూసి వచ్చాడు. సోఫా ఎవరిదని అడిగాడు. ఇంట్లో పట్టదని మాస్టారు వివరించబోయాడు.

"మీ ఇంట్లో పట్టనిది మా దారిలో పడుతుందా?" అంది కోడలు.

ఆఫీసరు చెప్పగా నలుగురు సిబ్బంది దాన్ని నిలువుగా ఎత్తి మెట్లమీదుగా దించారు. గేటు దగ్గర దారిలోనే పెట్టి, గొట్టాలు చుట్టడానికి వెళ్లారు.

కరెంటు ఇంకా రాలేదు. పెద్దాయనను పైకి తీసుకెళ్లే వీలు లేదు. మాస్టారు ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి జేబులోంచి పేకముక్కలు తీశాడు. ఫైరింజన్ హెడ్‌లైట్లు వాళ్లమీద పడుతున్నాయి.

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దిగి వచ్చాడు.

"పెద్దాయనా, దారివ్వండి. ఇంకోచోట పిలుపొస్తే ఎలా వెళ్లాలి?"

"ఈ ఆట అవనీ నాయనా. లైటు మాత్రం ఆపకు, ముక్కలు కనబడవు" అన్నాడు పెద్దాయన.

కోడలు పెద్దాయన చేతిలోంచి ముక్కలు లాక్కుని వాకర్ ఇచ్చింది. "లేవండి మామయ్యా."

ఆయన లేచాడు. మాస్టారు లేవలేదు.

ఏడు నలభైకి ఫైరింజన్ గేటు లోపలే ఉంది.