బీరులో ఆసుపత్రి వాసన

ఏలూరు పక్కనే వట్లూరులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే ఫణికిరణ్‌కు ఆ వేసవి సెలవుల్లో ఇంట్లోనే బీరు తయారుచెయ్యాలన్న కోరిక పుట్టింది. బార్లీ మాల్టు, చేదు కోసం వేసే హాప్స్ పూలు, ఈస్టు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. తలుపులు వేసుకుని మాల్టు మరిగిస్తుంటే ఆ కమ్మటి వాసన వీధిలోకి పోయింది. పక్కింటి రాజ్యంగారు వచ్చి, మాల్టు కాస్తున్నట్టున్నారు, ఏమైనా విశేషమా అని అతని భార్య చాందినిని మెల్లగా అడిగి వెళ్లారు. చాందిని ఆ మాట భర్తకు చెప్పి, విశేషం మీకేనని చెప్పమంటారా అని నవ్వింది.

ఆ బీరును మొదట రుచి చూసే గౌరవం ఆమె తండ్రి సుబ్బరాజుకు దక్కింది. ఆయనకు ముదినేపల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. పనిమీద ఏలూరు వచ్చినప్పుడల్లా కూతురింట్లో భోంచేసి వెళ్తారు. ఒక గుక్క తాగి, కాసేపు గ్లాసు వంక చూసి, "రంగు బాగా కుదిరిందండీ అల్లుడుగారూ" అన్నారు. మిగిలింది మిగిలినట్టే ఉంచేశారు.

ఫణికిరణ్ తనూ తాగి చూశాడు. ఏదో తేడా. బీరు పులియబెట్టిన బకెట్టు శుభ్రంగా లేదేమోనన్న అనుమానంతో దాన్ని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి కడిగాడు. రెండోసారి ఇంకా ఘోరంగా వచ్చింది. మావయ్యగారు నురగను మెచ్చుకున్నారు. ఈస్టు మార్చి, బ్లీచింగ్ ఇంకో గుప్పెడు వేసి మూడోసారి చేశాడు. మావయ్యగారు ఇలాంటి గ్లాసులు ఎక్కడ దొరుకుతాయండీ అని అడిగారు.

ఆయన నోట నిజం రాదని ఫణికిరణ్‌కు అప్పటికి అర్థమైంది. అంతవరకు దాని జోలికి రాని చాందినికి గ్లాసు అందించాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చెబితే బాధపడరుగా?"

"పడను. చెప్పు."

"మొన్న నా కాలు తెగితే ఆసుపత్రిలో కట్టు కట్టారు చూడండి, ఆ గదిలో అచ్చం ఇదే వాసనండీ."

బాధపడ్డాడు. మధ్యాహ్నం మజ్జిగన్నం కూడా వద్దన్నాడు. కానీ ఆమె మాటే పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే సంగతి బయటపడింది. క్లోరిన్ కలిసిన నీళ్లతో బీరు చేస్తే ఆసుపత్రి వాసన వస్తుందట. వాళ్లవి కుళాయి నీళ్లు. అది చాలనట్టు తను బ్లీచింగ్ కూడా దట్టించాడు. వదిలించుకోవాలనుకున్న వాసనను ఇన్నాళ్లూ తనే కలుపుతున్నాడు. ఈ సంగతి వినగానే చాందిని నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయింది.

నాలుగోసారి తాగే నీళ్ల క్యాన్లు తెప్పించాడు. కొత్త బకెట్టు కొని, క్లోరిన్ లేని క్లీనింగ్ పౌడరుతో కడిగాడు. ఎండలకు వేడెక్కకుండా దానికి తడిగుడ్డ చుట్టి, పూటపూటా తడుపుతూ వచ్చాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంత శ్రద్ధ చూడలేదని చాందిని అంది. అతను విననట్టే గుడ్డ పిండుకున్నాడు.

ఆ బీరు తయారయ్యేసరికి సుబ్బరాజు కొర్రమీనులు పట్టుకుని వచ్చారు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. ఈసారి రంగునూ, నురగనూ, గ్లాసునూ దేన్నీ మెచ్చుకోలేదు. ఆయన చెరువుల్లో నీళ్లు తగ్గిన సంగతి, మేత ధర పెరిగిన సంగతి చెబుతూ చెబుతూ గ్లాసు ఖాళీ చేసి, "ఇంకాస్త ఉందాండీ?" అన్నారు.

ఫణికిరణ్ లేచేలోగా చాందినే సీసా తెచ్చి తండ్రి గ్లాసు నింపింది. తనకూ సగం వంచుకుంది. అతనికి సీసా అడుగున గుక్కెడు మిగిలింది. అదే నిలబడి తాగేసి, ఇంకో రెండు క్యాన్లు పంపమని నీళ్ల ప్లాంటుకు ఫోన్ చేశాడు.