చంక కింద సీసా

జనవరి ఆరున లూథర్ మధ్యాహ్నం తిన్నది వేయించిన ముల్లెట్ చేప, మొక్కజొన్న రవ్వ జావ. అదీ సయించలేదు. ఫ్లోరిడాలోని ఓ నదిలో తల్లిని పోగొట్టుకుని, అతను పనిచేసే జంతు సంరక్షణ కేంద్రానికి వచ్చిన మానటీ అనే నీటి ఆవు దూడ నిన్నటి నుంచి చుక్క పాలు ముట్టలేదు. సాయంత్రానికి తాగకపోతే కడుపులోకి గొట్టం వేయక తప్పదని డాక్టర్ ఇనెస్ చెప్పేసింది.

లూథర్ వెచ్చని తొట్టిలో నడుంలోతు నీళ్లలో నిలబడి, దూడ మూతి ముందు పాలసీసా పట్టాడు. అది సీసాను పట్టించుకోకుండా మీసాల మూతితో అతని చంకలో పొడిచింది.

"ఓసి నీ! చక్కిలిగింతలు పెట్టకే!" అని నెట్టాడు. మళ్లీ వచ్చింది.

గట్టు మీద ఇనెస్ నవ్వింది. "మీరంటే ఇష్టం కాబోలు, లూథర్ గారూ."

"నేనంటే కాదు డాక్టరమ్మా, నా చంకంటే..." అంటూ ఆగిపోయాడు. తల్లి మానటీకి చన్నుండేది తెడ్డులాంటి ముందుకాలి వెనక, సరిగ్గా చంకలోనే. ఇదివరకటి దూడలు ఎదురుగా పట్టినా తాగేవి కాబట్టి ఆ సంగతే మరిచాడు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని!"

సీసాను చంకలో ఇరికించుకున్నాడు. దూడ చటుక్కున అందుకుంది. ఊపిరి పీల్చుకోవడానికి తప్ప వదల్లేదు.

"రేపటి నుంచి చెయ్యెత్తి నిలబడటమే మీ ఉద్యోగం," అంటూ ఇనెస్ గొట్టాన్ని చుట్టి పెట్టేసింది.

చీకటి పడేసరికి దూడ తొట్టి అడుగున నిద్రపోయింది. అది ఒకసారి పైకి తేలి, ఊపిరి పీల్చి, మళ్లీ మునిగేదాకా ఆగి, లూథర్ చప్పుడు కాకుండా తలుపు మూశాడు.